ధూమ్రజటుడి ద్విపద

సముద్రం నీళ్ళు ఉప్పగా మారి ఇంకా నిండా నూరేళ్ళు కాని రోజుల్లో, నీలవేణీపురాన్ని తుంగకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆ రాజుకు ఏడు కోటలున్నాయి, ఏడు వందల ఏనుగులున్నాయి, కూతురు మాత్రం ఒక్కతే. ఆమె పేరు కువలయ.

కువలయకు మంచి పద్యం వింటే ఆకలి తెలిసేది కాదు. తప్పు పద్యం వింటే అన్నం సయించేది కాదు. సభకు ఏ కవి వచ్చినా రాజు ముందుగా తెర వైపు చూసేవాడు. తెర వెనక కువలయ చిటికెలు వేస్తూ అక్షరాలు లెక్కపెడుతుండేది. చిటికె ఆగిందంటే పద్యానికి ఎక్కడో కాలు విరిగిందన్నమాట.

"పాపం ముసలాయన తల్లీ, పోనీలే" అని రాజు బతిమాలేవాడు.

"ముసలాయన్ని పోనిస్తాను నాన్నగారూ. పద్యాన్ని ఎలా పోనిచ్చేది?" అనేది కువలయ.

ఆమెతో పాటు గురువుగారి దగ్గర చదివినవాడు ఒకడున్నాడు. పక్కనున్న కొండరాజ్యం రాజుకు మూడో కొడుకు, శరభుడు. ఈతలో చేప, గుర్రం మీద గాలి. పద్యం దగ్గర మాత్రం మొద్దు. పొట్టి అక్షరం లఘువు, పొడుగు అక్షరం గురువు అని ఆరేళ్ళు చెప్పినా తలకెక్కలేదు.

"శరభా, 'రాజు' అన్న మాటలో మొదటి అక్షరం పొట్టా, పొడుగా?" అని అడిగేది కువలయ.

"ఏ రాజు?" అనేవాడు శరభుడు.

కువలయ నుదురు కొట్టుకునేది. గురువుగారు నుదురు కొట్టుకుని కొట్టుకుని, చివరికి అతన్ని ఇంటికి పంపేశారు. అతను వెళ్ళిపోయాక కువలయకు విసుక్కోవడానికి ఎవరూ లేకుండా పోయారు. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ విసుగులో ఎంత ఇష్టం కలిసి ఉందో.

ఇలా ఉండగా ఒక ఉదయం కువలయ మేడ మీద తల ఆరబోసుకుంటోంది. దక్షిణాన్నుంచి సన్నగా పొగ లేచింది. పొగ కాస్తా మబ్బయింది, మబ్బు కాస్తా మనిషయింది. మోకాళ్ళ దాకా వేలాడే పొగ జడలు, చేతిలో మంత్రదండం. వాడే ధూమ్రజటుడు. వాడు ఆమెను చేత్తోనైనా ముట్టుకోలేదు. ఒక్కసారి ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరితో పాటు కువలయ గాల్లోకి లేచింది. ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు, నాలుగు... ఏడు సముద్రాలూ దాటి వాడి దీవిలో, వాడి కోటలో పడింది.

"సాయంత్రం మన పెళ్ళి" అన్నాడు మాంత్రికుడు. తాళిబొట్టు అప్పటికే మొలలో దోపుకుని ఉన్నాడు.

కువలయ ఏడవలేదు. కాసేపు ఆలోచించి, "ఒక ద్విపద చెప్పు. తప్పు లేని ద్విపద. అది విన్న రోజే నీతో పెళ్ళి" అంది.

"ద్విపద అంటే?"

"రెండు పాదాల పద్యం."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "రెండే పాదాలా! నేను కొండల్ని ఎగరేసినవాణ్ణి!"

ఇద్దరూ మంత్రదండం మీద చేతులు వేసి ఒట్టు పెట్టుకున్నారు. తప్పు లేని పద్యం చెప్పేదాకా వాడు తాళి కట్టకూడదు, కడితే వాడి మంత్రాలన్నీ పోతాయి. తప్పుంటే ఎక్కడుందో ఆమె చూపించాలి. లేని తప్పు ఉందని అబద్ధమాడితే ఆమె అక్కడికక్కడే రాయైపోతుంది.

సాయంత్రానికి వాడు పద్యం పట్టుకొచ్చాడు.

"కువలయా, నువ్వు చాలా అందంగా ఉన్నావు. నువ్వు నన్ను పెళ్ళి చేసుకుంటే బాగుంటుంది!"

"ఇది పద్యం కాదు, ఉత్తరం" అంది కువలయ.

పిల్లలూ, ఆ సాయంత్రం పెళ్ళి మూడేళ్ళు సాగింది. సాగదా మరి! మొదటి ఏడాదంతా వాడికి చిటికెలకే సరిపోయింది. పొట్టి అక్షరానికి ఒక చిటికె, పొడుగు అక్షరానికి రెండు చిటికెలు. పాదానికి మూడు పెద్ద అడుగులు, చివర ఒక చిన్న అడుగు. వాడు అడుగులు పెద్దవి వెయ్యాల్సిన చోట చిన్నవి వేసేవాడు. కువలయ తల పట్టుకునేది. వాడు కోటగోడకేసి జడలు బాదుకునేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

రెండో ఏడాది అడుగులు కుదిరాయి. అప్పుడొకనాడు ఛాతీ విరుచుకుని వచ్చి ఇలా చదివాడు.

"కలువ కన్నుల దాన కనికరించుమ్మ
మేడలో నీకన్న మేటి యెవ్వరును!"

"ప్రాస లేదు" అంది కువలయ.

"ఏమిటి లేదు?"

"పై పాదంలో రెండో అక్షరం ఏది? 'ల'. కింది పాదంలో రెండో అక్షరం కూడా 'ల' కావాలి. నువ్వు 'డ' పెట్టావు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్క అక్షరం! ఒక్క అక్షరం కోసం పెళ్ళి ఆపుతావా?"

"ఒక్క మేకు ఊడితే పడవ ఆగదా?"

మాంత్రికుడు కోపంతో పక్కనున్న రాతిస్తంభాన్ని గొర్రెను చేసి వెళ్ళిపోయాడు. ఆ కోటలో అప్పటికే అలాంటి గొర్రెలు నలభై ఉన్నాయి. ప్రతి తప్పుకూ ఒక స్తంభం పోతోంది, పైకప్పు ఒక పక్కకు ఒరిగిపోతోంది.

ఆ తర్వాత యతి నేర్చుకున్నాడు. పాదం ఏ అక్షరంతో మొదలైతే, నడుమ ఆగి మళ్ళీ ఎత్తుకునే చోట ఆ అక్షరమో దాని చుట్టమో రావాలి. 'క'కు 'గ' చుట్టం, 'చ'కు 'జ' చుట్టం. దాన్నే యతి అంటారు. మూడో ఏడాదికి వాడికి అడుగులు తప్పడం లేదు, ప్రాస తప్పడం లేదు, యతి తప్పడం లేదు. ఒకనాడు వచ్చి నెమ్మదిగా ఇలా చదివాడు.

"మరిమరి నిను జూతు మరిమరి నేను
మరిమరి నిను దల్తు మరిమరి నేను!"

కువలయ చిటికెలు వేసింది, సరిపోయాయి. ప్రాస చూసింది, ఉంది. యతి చూసింది, ఉంది. అప్పుడు ఊపిరి తీసుకుని, "పునరుక్తి. చెప్పిందే చెప్పావు" అంది.

మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. "పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ రాదా? దాన్ని ఎవరైనా తప్పంటారా?"

"పల్లవి వచ్చిన ప్రతిసారీ వెనక చరణంలోది కొంచెం ఒళ్ళో వేసుకొస్తుంది. నీ 'మరిమరి' ఏం తెచ్చింది? ఖాళీ చేతులతో నాలుగుసార్లు వచ్చింది."

మంత్రదండం కదల్లేదు. ఆమె రాయి కాలేదు. అంటే ఆమె మాట నిజమే. వాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఇంకేం చెప్పను? నాకింకేం మాటలు రావు."

పద్యం కోసం అంత అవస్థ పడేవాణ్ణి చూస్తే కువలయకు జాలేసింది. ఆ జాలి వెనకే ఒక ఆలోచన కూడా మెరిసింది. "ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఏదైనా ఉంటే అది చెప్పు" అంది.

వాడు లేచి వెళ్ళాడు.

ఇక్కడ వీళ్ళను కాసేపు వదిలి శరభుడి సంగతి చూద్దాం. కువలయను పొగ ఎత్తుకుపోయిందని విన్న రోజే శరభుడు ఇల్లు వదిలాడు. మూడేళ్ళు రేవు రేవునా తిరిగాడు. చివరికి ఒక ముసలి తాబేలు దొరికింది. మూడు వందల ఏళ్ళ తాబేలు.

"ఏడు సముద్రాల అవతల పొగజడల మాంత్రికుడున్నాడు. అక్కడికేనా?" అంది తాబేలు.

"అవును తాతా."

"వచ్చిన ప్రతివాడూ ఏడు సముద్రాలే అంటాడు. ఒక్కడైనా మూడనడు, నాలుగనడు. నా నడుం సంగతి ఎవడికీ పట్టదు" అని సణుక్కుంటూనే తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఏడు సముద్రాలూ సణుగుతూనే దాటింది. దారిలో రెండు మంచి మాటలు కూడా చెప్పింది. "వాడి కోట గడప తొక్కకు, మనిషి వాసన పసిగడతాడు. వాడి ప్రాణం చిలుకలో ఉందని మా ముత్తాత అనేవాడు. ఏ చిలుకో తెలియకుండా ముట్టుకుంటే రాయైపోతావు."

దీవి ఒడ్డున వాళ్ళను ఒక ఉడుత చూసింది. అది కువలయ కిటికీలో పల్లీలు తిని పెరిగిన ఉడుత. పరుగున పోయి, "ఒడ్డున ఒక మనిషి తాబేలు కాళ్ళు పిసుకుతున్నాడు" అని చెప్పింది.

కువలయ చటుక్కున లేచింది. "వెళ్ళి అడుగు. 'రాజు' అన్న మాటలో మొదటి అక్షరం పొట్టా, పొడుగా?"

ఉడుత వెళ్ళింది, తిరిగి వచ్చింది. "'ఏ రాజు?' అంటున్నాడు."

కువలయ నుదురు కొట్టుకుంది. మూడేళ్ళలో మొదటిసారి నవ్వింది. ఆ వెంటనే మొదటిసారి ఏడ్చింది కూడా.

సరిగ్గా అప్పుడే ధూమ్రజటుడు వచ్చాడు. వాడి చూపు పక్కకు తిరిగి ఉంది. గబగబా చదివాడు.

"కలదొక్క లోయలో వెన్నెల కొండ
చిలుకలో నా జీవి రావిపై నుండు!"

కువలయ చిటికెలు వేసింది. అడుగులు సరిపోయాయి. ప్రాస 'ల'కు 'ల', సరిపోయింది. యతి దగ్గరకు వచ్చేసరికి చిటికె ఆగింది. 'కలదు'కు 'వెన్నెల' చుట్టం కాదు. 'చిలుక'కు 'రావి' చుట్టం కాదు.

"రెండు పాదాల్లోనూ యతి తప్పింది" అంది.

వాడు గొడవ పడలేదు. స్తంభాన్ని గొర్రెను చెయ్యలేదు. తలొంచుకుని వెళ్ళిపోయాడు. అదే ఆమెకు వింతగా తోచింది. ఏడాదిగా యతి తప్పనివాడు, ఒక్క పద్యంలో రెండుసార్లు, రెండూ ఒకే చోట తప్పడమేమిటి? తప్పిన మాటలు తీసేస్తే మిగతా పద్యమంతా ఎంత నున్నగా ఉందో చూసింది. వాడు ముందు వేరే మాటలు పెట్టాడు. తర్వాత భయపడి తీసి, అబద్ధాలు అతికించాడు!

"ఉడుతా, ఈ దీవిలో కొండలెన్ని?"

"మూడు. వెన్నెల కొండ, పసుపు కొండ, కాటుక కొండ."

'కలదు'లో 'క'. కాటుకలో 'కా'. కువలయ ఒక వేలు మడిచింది.

"కాటుక కొండ మీద ఏమేం చెట్లున్నాయి?"

"రావి, వేప, మోదుగ, నేరేడు, వెలగ. ఒకే ఒక్క చింత. చింత మీద చిలుకలు."

'చిలుక'లో 'చి'. చింతలో 'చిం'. రెండో వేలు మడిచింది. చిటికెలు వేసి చూసింది. 'కాటుక కొండ' సరిపోయింది. 'చింతపై నుండు' సరిపోయింది.

"పరుగెత్తు! కాటుక కొండ మీద చింతచెట్టు, అక్కడున్న చిలుకలో వాడి ప్రాణం. శరభుడికి చెప్పు."

ఉడుత ఒడ్డుకు పోయింది. దారిలో మూడు కాయలు కొరికింది, రెండు కొమ్మలు దూకింది. శరభుడి దగ్గర ఆగి, "చిలుక కొండ మీద కాటుక చెట్టు... చింత లోపల ప్రాణం... కాదు, ప్రాణం మీద చింత..." అంది.

"ఏమంటున్నావు?"

"చెట్టుకు కాటుక పెట్టమంది."

శరభుడు జుట్టు పీక్కున్నాడు. "మూడేళ్ళు తిరిగి, ఏడు సముద్రాలు దాటి వచ్చింది చెట్టుకు కాటుక పెట్టడానికా? వెనక్కి వెళ్ళు. సరిగ్గా కనుక్కుని రా."

ఉడుత వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఈసారి కొండకు చిలుకను పెట్టమంది. ఇంకోసారి వెళ్ళింది. అప్పుడు కువలయ అరవబోయి ఆగింది. "నాతో పాటు చెప్పు" అని ఆ పద్యాన్నే సరైన మాటలతో నేర్పింది. రెండుసార్లు చెప్పేసరికి ఉడుతకు వచ్చేసింది. అది కాయలు కొరుకుతూ, కొమ్మలు దూకుతూ, పాడుకుంటూ ఒడ్డుకు పోయి, తోక ఊపి పాడింది.

"కలదొక్క లోయలో కాటుక కొండ
చిలుకలో నా జీవి చింతపై నుండు!"

ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. ఒక మాట మరిచిపోతే పక్క మాట దాన్ని పట్టి లాక్కొస్తోంది. శరభుడు నోరు తెరుచుకుని విన్నాడు. "పద్యమంటే ఇందుకా! ఆరేళ్ళలో గురువుగారు ఈ సంగతి చెప్పనే లేదే!" అన్నాడు. గురువుగారు చెప్పే ఉంటారు, మన వాడే విని ఉండడు.

అతను ఆ లోయలోకి దిగి, కాటుక కొండ ఎక్కి, చింతచెట్టు కిందికి చేరాడు. తల ఎత్తి చూస్తే చెట్టు నిండా చిలుకలే. వందో, రెండు వందలో. అన్నీ ఆకుపచ్చవే, అన్నింటికీ ఎర్ర ముక్కే. ఇందులో ఏది? చెట్టెక్కి, దగ్గరగా ఉన్నదాన్ని చిటికెన వేలితో తాకాడు. వేలు చల్లగా బరువెక్కింది. చూస్తే రాయి. ఇంకోదాన్ని పక్క వేలితో తాకాడు. ఆ వేలూ రాయైంది. "ఇలా అయితే వేళ్ళు పది, చిలుకలు వంద" అనుకుని కిందికి దిగి కూర్చున్నాడు.

మర్నాడు కోటలో మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి వాడి కళ్ళల్లో వెలుగుంది.

"కలదొక్క లోయలో గంధపు కొండ
చిలుకలో నా జీవి జీడిపై నుండు!"

కువలయ గబగబా చిటికెలు వేసింది. 'క'కు 'గ' చుట్టమే. 'చి'కి 'జీ' చుట్టమే. అడుగులు సరి, ప్రాస సరి, యతి సరి, పునరుక్తి లేదు. వాడు మొలలోంచి తాళి తీశాడు.

"ఆగు. ఈ దీవిలో గంధపు కొండ ఎక్కడుంది?" అంది కువలయ.

తాళి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"లేదు కదా? లేని కొండను 'కలదు' అన్నావు. పద్యంలో మొదటి మాటే అబద్ధం. అది తప్పే."

అన్నదే గానీ ఆమెకు నమ్మకం లేదు. అబద్ధం పద్యదోషం అవుతుందో కాదో గురువుగారు ఎన్నడూ చెప్పలేదు. కాకపోతే తాను రాయి. కళ్ళు మూసుకుని నిలబడింది. ఒక క్షణం, రెండు క్షణాలు, మూడు క్షణాలు. మంత్రదండం కదల్లేదు. కువలయ కువలయగానే ఉంది.

"ఛీ! అడుగులన్నావు, నేర్చుకున్నాను. ప్రాసన్నావు, నేర్చుకున్నాను. యతన్నావు, అదీ నేర్చుకున్నాను. ఇప్పుడు నిజం కూడా కావాలా?" అని మాంత్రికుడు అరిచాడు. ఆ అరుపుతో తలుపు మూసుకుని, తొమ్మిది రోజులు మాట మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఈలోగా ఉడుత శరభుడి కబురు తెచ్చింది. "చింత మీద వంద చిలుకలట. ఏదో తెలియదట. రెండు వేళ్ళు రాళ్ళయ్యాయట." మళ్ళీ తల గోక్కుని, "అందులో ఒకటి ఆ మధ్య 'మరిమరి' అనేది. మిగిలినవి నవ్వేవి. ఇప్పుడది కూడా మాట్లాడ్డం లేదు" అంది.

కువలయ లేచి నిలబడింది. మాంత్రికుడు ఏమంటే ఆ చిలుక అదే అంటోంది! వాడు నోరు మూసుకున్నాడు గనుక అదీ నోరు మూసుకుంది. వాడిప్పుడు నోరు విప్పాలి. వాడు నోరు విప్పేది ఒక్క ఆ నిజం పద్యం కోసమే. అది చెప్పాడా, తప్పుండదు. తప్పు లేదా, తాళి తప్పదు. ఆమె చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. చివరికి ఉడుతతో, "రేపు పొద్దున ఏ చిలుక నోట ఈ పద్యం వస్తే అదే. చెవులు రిక్కించి కూర్చోమను. ఆలస్యం చెయ్యొద్దను" అని చెప్పింది.

పొద్దున్నే వెళ్ళి మాంత్రికుడి తలుపు తట్టింది.

"ఆ పద్యానికి రెండే మాటలు కావాలి. ఆ రెండూ నీ దగ్గరే ఉన్నాయి. నాకు తెలుసు" అంది.

"చెబితే నా ప్రాణం నీ చేతిలో పెట్టినట్టే!" అన్నాడు వాడు. తొమ్మిది రోజులకు అదే మొదటి మాట.

"చెప్పిన మరుక్షణం తాళి కడతావు. ఈ దీవిలోంచి నేనెక్కడికి పోతాను?"

వాడు గింజుకున్నాడు, గదంతా తిరిగాడు, జడలు పీక్కున్నాడు. ఆ పద్యం తొమ్మిది రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేడు, కక్కలేడు. చివరికి, "పోతే పోయింది!" అని గట్టిగా చదివాడు.

"కలదొక్క లోయలో కాటుక కొండ
చిలుకలో నా జీవి చింతపై నుండు!"

అక్కడ చింతచెట్టు మీద ఎక్కడో ఒక గొంతు అదే పద్యం అంది. శరభుడు ఉలిక్కిపడి లేచాడు. తూర్పు వైపా? పడమర వైపా? తేల్చుకునేలోగా పద్యం అయిపోయింది.

ఇక్కడ కువలయ తొందరపడలేదు. "అడుగులు చూశాను, సరిగ్గా ఉన్నాయి. ఇంకోసారి చెప్పు. ప్రాస, యతి చూడాలి."

వాడు రెండోసారి చెప్పాడు. తూర్పు కొమ్మ! శరభుడు చెట్టెక్కడం మొదలుపెట్టాడు. రాతి వేళ్ళు రెండూ బరువుగా జారుతున్నాయి.

"ప్రాస ఉంది. యతి ఉంది. ఇంకోసారి చెప్పు. పునరుక్తి చూడాలి."

వాడు పళ్ళు కొరుకుతూ మూడోసారి చెప్పాడు. కొమ్మ చివర, ఆకుల వెనక, మెడ చుట్టూ ఎర్ర దారం ఉన్న చిలుక ముక్కు కదలడం శరభుడి కంటపడింది. చేతికి అందడం లేదు. ఇంకా నాలుగు మూరలుంది.

కోటలో మాంత్రికుడు తాళి చేతికి తీసుకున్నాడు. చూడవలసినవన్నీ అయిపోయాయి. కువలయ ఒక్కసారి కిటికీ బయటకు చూసింది. అబద్ధమాడితే రాయి. నిజం చెబితే తాళి.

"తప్పు లేదు" అంది.

మాంత్రికుడు తాళి పట్టుకున్న చేత్తో అలాగే నిలబడిపోయాడు. "నిజంగానా?"

"నిజంగా. బాగుంది కూడా." ఆ మాట ఆమె మనసులోంచే వచ్చింది.

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళుగా తిట్లు తప్ప వినని చెవులవి. తాళి సంగతే మర్చిపోయి, చిన్నపిల్లాడిలా, "మరోసారి చెప్పనా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగానే కళ్ళు మూసుకుని, రాగం తీస్తూ, ఒక్కో మాటా రుచి చూస్తూ మొదలుపెట్టాడు. కలదొక్క... లోయలో... కాటుక కొండ... చిలుకలో నా జీవి...

శరభుడు కొమ్మ చివరికి పాకి చిలుకను పట్టుకున్నాడు. మెడ నులమబోయాడు. అది పారిపోలేదు, గింజుకోలేదు. పద్యం పాడుతూనే మెడ చాచి, తనను వాడికి కట్టేసిన ఎర్ర దారం చూపించింది. శరభుడికి పద్యాలు అర్థం కావు గానీ జంతువుల చూపు అర్థమవుతుంది. మెడ వదిలి దారాన్ని పళ్ళతో పట్టి కొరికాడు.

దారం పుటుక్కున తెగింది.

కోటలో ధూమ్రజటుడు "చింత" దాకా వచ్చి ఆగాడు. జడలు పొగైపోయాయి, చేతులు పొగైపోయాయి. కిటికీలోంచి గాలి వచ్చి పొగను తీసుకుపోయింది. తాళి నేల మీద పడింది. గొర్రెలన్నీ స్తంభాలై ఎక్కడివక్కడ నిలబడ్డాయి. కువలయ గోడకానుకుని, వాడు వదిలేసిన సగం పాదాన్ని మెల్లగా తానే పూర్తి చేసింది.

చెట్టు మీద శరభుడి వేళ్ళు మళ్ళీ మెత్తబడ్డాయి. చిలుక ఒళ్ళు విదిలించుకుని, "అబ్బ! నూరేళ్ళుగా వాడి మాటలే నా నోట్లో. మూడేళ్ళుగా ఆ పద్యాలొకటి! పక్క చిలుకల ముందు తలెత్తుకోలేకపోయాను" అంది. అది చిలుక సొంతంగా అన్న మొదటి మాట. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆగలేదు.

శరభుడు కోటకు పరుగెత్తాడు. గుమ్మంలో కువలయ ఎదురైంది. అతని జుట్టుకు చింతాకులు అతుక్కుని ఉన్నాయి, మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

"ఇంత ఆలస్యమా! వాడు నాలుగోసారి చెప్పకపోతే నా గతేమిటి?" అని కసిరింది.

"మూడోసారికే కనిపించింది కువలయా, అందలేదు" అన్నాడు అతను. ఆమె కసురుతూనే అతని చెయ్యి పట్టుకుంది, మరి వదల్లేదు.

తాబేలు ఇద్దరినీ మోసుకొచ్చింది. ఒకడికి ఒప్పుకుంటే ఇద్దరయ్యారని ఏడు సముద్రాలూ సణిగింది. నీలవేణీపురంలో తుంగకేతుడు కూతుర్ని చూసి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మంచి ముహూర్తం చూసి పెళ్ళి చేశాడు. పెళ్ళికి నూట పదహారు మంది కవులు వచ్చి నూట పదహారు పద్యాలు చదివారు. రాజు భయం భయంగా పెళ్ళికూతురి వైపు చూశాడు. ఆమె అసలు చిటికెలే వెయ్యడం లేదు.

"తప్పులే లేవా?" అని శరభుడు చెవిలో అడిగాడు.

"కావలసినన్ని ఉన్నాయి. ఇవాళ నాకు ఆకలేస్తోంది" అంది కువలయ.

తుంగకేతుడి తర్వాత వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. వానలు వేళకు పడ్డాయి, పంటలు నిండుగా పండాయి. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. ముగ్గురిలో ఒకరికీ యతి కుదరలేదు. కువలయ అరవై ఏళ్ళూ నుదురు కొట్టుకుంటూ, నవ్వుకుంటూ బతికింది.

ఇంతటితో కథ ఒడ్డుకు చేరింది. ఇక లేచి కాళ్ళు కడుక్కుని అన్నాలకు రండి.